టీసీ లేదని ప్రభుత్వ బడి చేర్చుకోనంటే చట్టం ఏమంటోంది, ఆ చట్టం ఎలా వచ్చింది

ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపేసింది, టీసీ లేదని ప్రభుత్వ బడి అయిదో తరగతి పాపను చేర్చుకోనంటోంది, రాజ్యాంగంలో అందరికీ చదువు హక్కు ఉంది కదా అని అడిగారు.

1950లో దక్కింది సగం హక్కే. ప్రభుత్వం నడిపే బడిగానీ, ప్రభుత్వ సాయం పొందే ఎయిడెడ్ బడిగానీ కులం, మతం, జాతి, భాష చూపి ఎవరినీ వెనక్కి పంపరాదని 29(2) అధికరణ అంది. అదీ చిన్నదేం కాదు. 1856లో ధార్వాడ్ ప్రభుత్వ బడి అంటరానివారిగా చూసిన మహర్ కులపు కుర్రాణ్ణి చేర్చుకోలేదు, మిగతా పిల్లలు మానేస్తారని. ప్రభుత్వ బడిలో కులం అడ్డు కాకూడదని చదువుల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన 1882 హంటర్ కమిషన్ చెప్పినా, ఆ కులాల పిల్లలకు వేరు బడులు పోలేదు.

బడి పెట్టి చదువు చెప్పి తీరాలన్న మాట మాత్రం 45వ అధికరణలో, పదేళ్ల గడువుతో, ఆదేశిక సూత్రంగా ఉండిపోయింది. ఆదేశిక సూత్రం పట్టుకుని కోర్టుకు వెళ్లలేం. గడువు 1960లోనే దాటింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పులో సుప్రీంకోర్టు 14 ఏళ్ల వరకు ఉచిత చదువు ప్రాథమిక హక్కేనంది. విచిత్రమేమంటే ఆ కేసు నడిచింది ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల ఫీజుల మీద. ఆపైన 2002లో ఈ చదువును ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో చేర్చిన 21ఎ అధికరణ, దాన్ని అమలుచేసే విద్యాహక్కు చట్టం 2009లో. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు.

మీకు పనికొచ్చేది సెక్షన్ 5. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. వయసు రుజువు లేకపోయినా అంతే, సెక్షన్ 14. అంగన్‌వాడీ రికార్డో, తల్లిదండ్రుల రాతపూర్వక ప్రకటనో చాలు. గడువు దాటిందన్నా సెక్షన్ 15 ఒప్పుకోదు.

నోటిమాటతో అడగొద్దు. దరఖాస్తు రెండు కాపీలు రాసి, సెక్షన్ నంబర్లు వేసి, ఒకదానిపై హెడ్‌మాస్టర్ సంతకం, తేదీ తీసుకోండి. కాదని కాగితం మీద రాసిచ్చే హెడ్‌మాస్టర్లు అరుదు. సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. సంతకం పెట్టకపోతే అదే కాగితం స్పీడ్‌పోస్టులో పంపి, నకలు ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇవ్వండి.

ఈమధ్య అసలు చిక్కు బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో వస్తోంది. పాత బడి పాప పేరును తన జాబితా నుంచి తీసి డ్రాప్‌బాక్స్‌లోకి (బడి మారే పిల్లల పేర్లుండే చోటు) వదలకపోతే కొత్త బడి ఆన్‌లైన్‌లో ఎక్కించుకోలేదు. హెడ్‌మాస్టర్ ‘కుదరదు’ అనేది చాలాసార్లు ఇందుకే, చట్టం తెలియక కాదు. పాప పెన్ నంబరు (యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు) రాసి, పేరు విడుదల చేయించమని ఎంఈఓకు విడిగా అర్జీ ఇవ్వండి. ఈలోగా పాపను తరగతిలో కూర్చోబెట్టుకోవడానికి ఆన్‌లైన్ నమోదు అడ్డం కాదు.

అప్పటికీ కదలకపోతే సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు (పంచాయతీ, మున్సిపాలిటీ వంటిది) రాతపూర్వక ఫిర్యాదు. మూడు నెలల్లో తేల్చాలి. అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు. ఇదంతా ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలో చేర్చాల్సి వస్తే ఈ సెక్షన్లు పనిచేయవు, టీసీ సంగతి అంతకుముందే తేల్చుకోండి.