నైట్ షిఫ్ట్‌లో చదివేవాళ్ళ కోసం రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రిప్టూ, దానికి రాసిన రన్‌బుక్కూ (సర్వర్ చూసుకునేవాళ్ళు అనుసరించే సూచనల పత్రం) చదివాను. డేటాస్టేజ్ (డేటాని ఒకచోటి నుంచి తీసి, మార్చి, ఇంకోచోట చేర్చే సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో ఏ ప్రాజెక్టు ఏ డైరెక్టరీలో ఉందో లిస్టు తీయడం చిన్న పనిలాగే కనిపిస్తుంది. కానీ రేపు బ్యాకప్ అయినా క్లీనప్ అయినా ఆ లిస్టు చూసే చేస్తారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోని ప్రాజెక్ట్స్ డైరెక్టరీలో ఎల్ఎస్ (లోపలున్న పేర్లు చూపే కమాండ్) కొట్టి, వచ్చిన పేర్లనే ప్రాజెక్టులుగా తీసుకున్నావు. డిఫాల్ట్ చోటు అదే, నిజమే. కానీ ప్రాజెక్టు క్రియేట్ చేసేటప్పుడు అడ్మిన్ వేరే పాత్ (డైరెక్టరీ ఉండే చోటు) ఇవ్వొచ్చు. అలాంటివి నీ లిస్టులోకి రావు. ఎవరో కాపీ చేసి వదిలేసిన ఫోల్డర్ మాత్రం వచ్చేస్తుంది. కాబట్టి డేటాస్టేజ్ జాబులు నడిపే ఇంజిన్‌నే అడుగు. డీఎస్‌జాబ్ కమాండ్‌కి ఎల్‌ప్రాజెక్ట్స్ ఆప్షన్ ఇస్తే పేర్లు చెబుతుంది, పాత్‌లు చెప్పదు. ఆ ఇంజిన్ యూనివర్స్ డేటాబేస్ మీద కట్టింది కదా, పాత్‌లు దాని యూవీ.అకౌంట్ ఫైల్లో ఉంటాయి. యూవీ షెల్‌కి ‘లిస్ట్ యూవీ.అకౌంట్’ అని పంపితే చూపిస్తుంది. అందులో ఇంజిన్ సొంత అకౌంట్లు కూడా కలిసి వస్తాయి. డీఎస్‌జాబ్ ఇచ్చిన పేర్లతో సరిచూసుకుని, ప్రతి పాత్‌లో ప్రాజెక్టు సెట్టింగులుండే డీఎస్‌పారమ్స్ ఫైలు ఉందో లేదో చూడు.

ఇంజిన్ పాత్‌ని కూడా స్క్రిప్టులో నేరుగా రాసేశావు. రూట్‌లో ఉండే /.డీఎస్‌హోమ్ ఫైల్లోంచి చదువు. ఒకే సర్వర్‌లో రెండు ఇంజిన్లు ఉంటే ఆ ఫైలు ఒక్కదాని సంగతే చెబుతుందని రన్‌బుక్‌లో ఒక లైను రాయి. ఆ తర్వాత ఇంజిన్‌కి కావలసిన సెట్టింగులుండే డీఎస్‌ఎన్వ్ ఫైల్ని సోర్స్ చెయ్యి. అది లేకపోతే చేత్తో నడిపినప్పుడు బాగానే నడిచిన స్క్రిప్టు, టైముకి దానంతటదే నడిపించే క్రాన్‌లో లైబ్రరీ దొరకలేదని పడిపోతుంది.

నన్ను నిజంగా భయపెట్టింది క్లీనప్ లైను. ప్రాజెక్టు లోపల &పీహెచ్& అనే డైరెక్టరీ ఉంటుంది, జాబులు నడిచేకొద్దీ అందులో ఫైళ్ళు పేరుకుపోతాయి. నువ్వు రాసింది ఇది:

ఆర్ఎం -ఆర్ఎఫ్ $పాత్/&పీహెచ్&/*

కోట్స్ లేవు, చూశావా? షెల్‌కి & అంటే అక్కడితో ఒక కమాండ్ అయిపోయింది, దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లో నడుపు అని. కాబట్టి ముందు నడిచేది ‘ఆర్ఎం -ఆర్ఎఫ్ $పాత్/’. అంటే మొత్తం ప్రాజెక్టు పోతుంది. డబుల్ కోట్స్ పెట్టు: "$పాత్/&పీహెచ్&". అప్పుడు కూడా నేరుగా తీసేయకు. ఫైండ్‌తో ఏడు రోజులు దాటిన ఫైళ్ళను మాత్రమే పట్టుకుని, ముందు ప్రింట్ చేయించు. నడుస్తున్న జాబుల ఫైళ్ళు కూడా అక్కడే ఉంటాయి మరి.

రన్‌బుక్‌లో ‘పాత లాగ్‌లు తీసేయాలి’ అని రాశావు. రాత్రి రెండింటికి, డిస్కు నిండిందని అలర్ట్ వస్తే, టెన్షన్‌లో ఉన్నవాడు ఆ వాక్యం చదువుతాడని ఊహించుకో. ప్రాజెక్టు డైరెక్టరీలోకి వెళ్తే అతనికి ముందు కనిపించేవి ఆర్‌టీ_లాగ్ అని మొదలై, చివర జాబ్ నంబరు ఉండే డైరెక్టరీలు. పేరులోనే లాగ్ ఉంది, సైజు పెద్దగా ఉంది, తీసేస్తాడు. అవి మామూలు ఫోల్డర్లు కావు, ఇంజిన్ తన డేటా దాచుకునే హ్యాష్డ్ ఫైళ్ళు. చేత్తో చెరిపితే ఆ జాబ్ లాగ్ తెరుచుకోదు, జాబ్ కూడా ఆగిపోవచ్చు. ‘వీటి జోలికి వెళ్ళొద్దు, లాగ్ క్లియర్ చేయాలంటే డేటాస్టేజ్ డైరెక్టర్ అనే టూల్‌లోంచే చెయ్యాలి’ అని విడిగా రాయి. ఏది తీయాలో రాసినంత శ్రద్ధగా ఏది తీయకూడదో కూడా రాయాలి. మన రన్‌బుక్కుల్లో ఎక్కువగా వదిలేసేది ఇదే, నాకు బాధ కూడా అదే.

ప్రతి కమాండ్ కింద సరిగ్గా నడిస్తే ఏం కనిపిస్తుందో రెండు లైన్లు అతికించు. డీఎస్‌జాబ్ చివర స్టేటస్ కోడ్ లైను ఇస్తుంది. అది ప్రాజెక్టు పేరు కాదని కొత్తవాడికి ఎవరు చెబుతారు, నువ్వు చెప్పకపోతే?

నీ వాక్యాలు చిన్నవిగా, తేటగా ఉన్నాయి. అది మార్చకు. వచ్చే డ్రాఫ్టులో డిలీట్ లైను తీసేసి, ప్రాజెక్టు పేరు, పాత్ మాత్రం ప్రింట్ చేసే వెర్షన్ పంపు. డెవ్ సర్వర్‌లో నడిపిన అవుట్‌పుట్ కూడా జత చెయ్యి, శనివారం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
అన్నయ్య