కొత్త డ్రైవ్ తిరగకపోతే మూడో పిన్ను చూడండి
సర్వర్ డ్రైవ్‌ల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా డయాగ్నస్టిక్ సెంటర్‌లో స్కాన్ ఫైళ్లన్నీ పాత టవర్ సర్వర్‌లో ఉంటాయి. 2 టీబీ డిస్క్ నిండిపోయిందని, సర్వర్ల కోసం చేసిన 12 టీబీ సాటా డ్రైవ్ కొన్నాం. బిగిస్తే అసలు తిరగడమే లేదు, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే బయోస్ తెరలోనూ కనపడదు. అదే డ్రైవ్‌ను బయటి నుంచి కలిపే యూఎస్‌బీ డాక్‌లో పెడితే చక్కగా పనిచేస్తోంది. డ్రైవ్ పోయినట్టేనా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: డాక్‌లో తిరుగుతోందంటే డ్రైవ్ పోలేదండి. మొదట అనుమానించాల్సింది సాటా (డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే ప్రమాణం) పవర్ కనెక్టర్‌లోని మూడో పిన్నును. ఈ కనెక్టర్‌లో 15 పిన్నులుంటాయి. మొదటి మూడూ 3.3 వోల్టుల కోసం కేటాయించినవి. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం మూడో పిన్నుకు వేరే పని ఇచ్చింది. దాని మీద వోల్టేజీ ఉంటే డ్రైవ్ తనంతట తాను ఆఫ్‌లో ఉండిపోవాలి. పెద్ద సర్వర్లలో మొరాయించిన డ్రైవ్‌ను దూరం నుంచే రీసెట్ చేయడానికి ఈ ఏర్పాటు. మీ పాత పవర్ సప్లై ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు పంపుతూనే ఉంటుంది కాబట్టి డ్రైవ్ నిద్ర లేవదు. చాలా యూఎస్‌బీ డాక్‌లు ఆ వోల్టేజీ ఇవ్వవు. అందుకే అక్కడ పనిచేసింది. డ్రైవ్ వివరాల పత్రంలో 'పవర్ డిజేబుల్' అని ఉందేమో చూడండి, సంగతి తేలిపోతుంది.

బాగుచేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, డ్రైవ్ పిన్నుల మీద వేడిని తట్టుకునే కాప్టన్ టేపు అంటించడం. డేటా కనెక్టర్ పక్క నుంచి లెక్కపెడితే వచ్చే మొదటి మూడు పిన్నులూ కలిపి మూసేయొచ్చు. ఒక్క మూడోదాన్నే మూయడం కంటే ఇది సులువు, డ్రైవ్‌కు నష్టమూ లేదు. పిన్ను పిన్నుకూ మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు, అంటే సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క చాలు. నాలుగోది గ్రౌండ్, టేపు దాని మీదికి జరగకూడదు. సెల్లోటేపు వాడకండి, వేడికి దాని జిగురు కారి పిన్నులకు అంటుకుంటుంది.

రెండోది, నాలుగు పిన్నుల మోలెక్స్ (పాత రకం పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే కేబుల్. మోలెక్స్‌లో 5, 12 వోల్టులే ఉంటాయి కాబట్టి గొడవే ఉండదు. కాకపోతే వైర్లను ప్లాస్టిక్‌లో పోతపోసి చేసిన చౌకరకం కనెక్టర్లు కొనొద్దు. వాటిలో లోపలి తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి. వెనక మూత ఉండి, ఒక్కో వైరూ విడిగా దిగేసినట్టు కనిపించేది తీసుకోండి.

ఈ పనికి ముందు సర్వర్ ఆపి పవర్ కేబుల్ పీకండి. రెండు పవర్ సప్లైలుంటే రెండు కేబుళ్లూ పీకాలి. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, పెట్టె తాలూకు రంగు వేయని ఇనుప భాగాన్ని ముట్టుకున్నాకే డ్రైవ్ మీద చెయ్యి వేయండి.

డ్రైవ్ లేచాక 12 టీబీకి బదులు 2 టీబీయే కనిపిస్తే పార్టిషన్ టేబుల్ (డిస్క్ భాగాల పట్టిక) పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉందని అర్థం. కొత్త పద్ధతి జీపీటీకి మార్చండి. మారిస్తే అందులోని ఫైళ్లు పోవచ్చు కనుక ఖాళీగా ఉండగానే ఆ పని చేయండి. అప్పటికీ 2 టీబీ దగ్గరే ఆగిపోతే లోపం డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డుది. 1068ఈ చిప్ ఉన్న పాత కార్డులు అంతకు మించి చూడలేవు, కార్డు మార్చడమే మార్గం.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో నాలుగు పాత సాస్ డ్రైవ్‌లు చౌకగా దొరికాయి. మదర్‌బోర్డు మీది సాటా పోర్టులకు కలపొచ్చా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కుదరదండి. సాస్ అంటే సర్వర్ డిస్కులకు వాడే మరో కనెక్షన్ పద్ధతి. సాటా డ్రైవ్ సాస్ సాకెట్‌లో పనిచేస్తుంది గానీ, సాస్ డ్రైవ్ సాటా పోర్టుకు పనికిరాదు. డేటా, పవర్ భాగాల మధ్య సాటాలో ఉండే ఖాళీ సాస్‌లో పూడ్చేసి ఉంటుంది. ఆ ఖాళీని దాటించే అడాప్టర్లు అమ్ముతారు. అవి ఆకారాన్ని మారుస్తాయే తప్ప భాషను మార్చవు. సాస్ డ్రైవ్‌లను కంప్యూటర్‌కు కలిపే సాస్ హెచ్‌బీఏ కార్డు తప్పనిసరి.

కేబుల్ కొనేటప్పుడు జాగ్రత్త. కార్డు వైపు మినీ సాస్ కనెక్టర్, రెండో వైపు నాలుగు డ్రైవ్ కనెక్టర్లు ఉండేది 'ఫార్వర్డ్' కేబుల్. మదర్‌బోర్డు సాటా పోర్టుల నుంచి బ్యాక్‌ప్లేన్ (డ్రైవ్‌లు గుచ్చుకునే బోర్డు) మినీ సాస్‌కు వెళ్లేది 'రివర్స్'. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదాని బదులు ఒకటి పనిచేయవు. మీకు కావాల్సింది ఫార్వర్డ్. సాస్ డ్రైవ్‌లకు కాబట్టి ఆ నాలుగు కొనలూ సాస్ సాకెట్లేనని, పవర్ వైరు విడిగా ఉందని చూసుకోండి.

కలిపాక డ్రైవ్ కనిపిస్తూ సైజు సున్నా చూపిస్తే, అది పెద్ద స్టోరేజీ పెట్టెలోంచి తీసి 520 బైట్ల సెక్టర్లతో (డేటా దాచే చిన్న గడులతో) వచ్చినది అయ్యుంటుంది. లైనక్స్‌లో ఎస్‌జీ ఫార్మాట్ అనే ఉపకరణంతో 512కి మార్చాలి. గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ పాడైన స్థితిలో ఆగిపోయి, ఫార్మాట్ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది. యూపీఎస్ మీద పెట్టే మొదలుపెట్టండి.

ప్రశ్న: నాలుగు 4 టీబీ డిస్కులతో, ఒకటి పోయినా డేటా నిలిచే రెయిడ్ 5 కూర్పులో ఒకదానికి నారింజ లైటు వెలుగుతోంది. సర్వర్ ఆపి మార్చాలా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సర్వర్ ముందు వైపు నుంచి లాగే ట్రేలైతే ఆపొద్దు. కానీ ట్రే ముట్టుకునే ముందు బ్యాకప్ తీసుకోండి. ఎందుకో చెబుతాం. కొత్త డిస్క్‌ను నింపడానికి కంట్రోలర్ మిగతా మూడు డిస్కులనూ ఈ చివరి నుంచి ఆ చివరికి, అంటే 12 టీబీ చదవాలి. డెస్క్‌టాప్ రకం డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ సుమారు 12.5 టీబీ చదువుకు ఒక చదవలేని సెక్టర్‌కు మించదని. మీ పని ఆ హద్దుకు ఆనుకుని ఉంది. సర్వర్ రకం డిస్కుల్లో చాలావాటికి ఈ హద్దు పదింతలు.

ఏ డిస్క్ తీయాలో లైటు ఒక్కటే చూసి నిర్ణయించకండి. కంట్రోలర్ తెరలో సీరియల్ నంబరు రాసుకుని, 'లొకేట్' నొక్కి ఏ ట్రే మిణుకుమంటుందో చూడండి. మంచి డిస్క్ లాగేస్తే రెయిడ్ 5 అక్కడికక్కడే కూలిపోతుంది. గొళ్లెం విప్పి ట్రేను ఒక అంగుళం లాగి, 30 సెకన్లు ఆగండి. లోపలి పళ్లేల తిరుగుడు ఆగాక బయటికి తీయండి.

కొత్తది పాతదానికంటే చిన్నదైతే కంట్రోలర్ ఒప్పుకోకపోవచ్చు. సాటా బదులు సాటా, 512 బైట్ల సెక్టర్లవాటి బదులు అవే తీసుకోండి. ట్రాకులను ఒకదానిపై ఒకటి కొంత కప్పి రాసే ఎస్‌ఎంఆర్ రకం వద్దు, ఏకధాటిగా రాయాల్సి వస్తే దాని వేగం పడిపోయి రీబిల్డ్ (కొత్త డిస్క్‌ను నింపే పని) రోజుల తరబడి సాగుతుంది. ట్రేకి 3.5 అంగుళాల డిస్కులకు 6-32 మర స్క్రూలు, 2.5 అంగుళాలవాటికి ఎం3 వాడతారు. రెండూ చూపుకి దగ్గరగా ఉంటాయి, బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది. ట్రేని పిడి దానంతట మూసుకోవడం మొదలయ్యేదాకా తోసి, అప్పుడు పిడి నొక్కండి.

వేరే సర్వర్‌లో వాడిన డిస్క్ పెడితే 'ఫారిన్' అని చూపిస్తుంది. దాన్ని ఇంపోర్ట్ చేయకండి. క్లియర్ చేసే ముందు కూడా జాబితాలో ఆ ఒక్క డిస్కే ఉందని చూసుకోండి, చాలా కంట్రోలర్లు ఫారిన్ అన్నవాటన్నిటినీ ఒకేసారి తుడిచేస్తాయి.

రీబిల్డ్‌కు సెకనుకు 150 ఎంబీ వేగం నిలకడగా దొరికినా 4 టీబీకి ఏడున్నర గంటలు. పని నడుస్తూ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ పూట భారీ రిపోర్టులు వాయిదా వేయండి.

ప్రశ్న: మదర్‌బోర్డు మీది పీసీఐఈ స్లాట్‌లో, చిన్న పలకల్లా ఉండే ఎం.2 ఎస్‌ఎస్‌డీలు నాలుగు పట్టే కార్డు పెట్టాం. ఒక్కటే కనిపిస్తోంది.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: బయోస్‌లో ఆ స్లాట్‌కు బైఫర్కేషన్ అనే అమరిక వెతికి, 16 లేన్లను (డేటా దారులను) నాలుగు నాలుగుగా విడగొట్టండి. ఆ అమరికే లేకపోతే లేన్లను తనే పంచే స్విచ్ చిప్ ఉన్న కార్డు కొనాలి, ధర చాలా ఎక్కువ. ఎస్‌ఎస్‌డీలు సాటా రకం ఎం.2 అయితే మాత్రం ఈ కార్డులో ఎలా పెట్టినా కనిపించవు. కార్డులోని హీట్‌సింక్ థర్మల్ ప్యాడ్ మీది పల్చని ప్లాస్టిక్ పొర తీశారో లేదో కూడా ఓసారి చూడండి.