అమ్మాయి నానోఫోటానిక్స్ అంటోంది, బంధువులు సీఎస్ఈ అంటున్నారు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఫిజిక్స్ అంటే ప్రాణం. నోబెల్ వచ్చిన క్వాంటమ్ డాట్స్ గురించి ఎక్కడో చదివి, కాంతి మీద నానో స్థాయిలో పరిశోధన చేస్తానంటోంది. దాన్ని నానోఫోటానిక్స్ అంటారట. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఫోన్ చేసి, బీటెక్ నానోటెక్నాలజీలో సీటుంది, ముందే కడితే ఫీజు తగ్గిస్తామంటున్నారు. మా వాళ్లంతా సీఎస్ఈలో చేర్పించమంటున్నారు. పీహెచ్‌డీ అంటే పెళ్లి వయసు దాటిపోతుందని మా అత్తగారి బాధ. ఏం చేయమంటారు? ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ సంగతి తేల్చేద్దాం. ఆ సీటుకు డబ్బు కట్టకండి. నానో అనేది పీజీలోనో పీహెచ్‌డీలోనో ఎంచుకోవాల్సింది, ఇంటర్ కాగానే చేరాల్సింది కాదు. ఆ పేరుతో ఉన్న బీటెక్‌లో చాలాచోట్ల కొంచెం కెమిస్ట్రీ, కొంచెం మెటీరియల్స్, కొంచెం బయాలజీ, కొంచెం ఎలక్ట్రానిక్స్ చెప్తారు. కాంతి మీద పని చేయడానికి పునాది లాంటి విద్యుదయస్కాంత సిద్ధాంతం, క్వాంటమ్ మెకానిక్స్ మాత్రం పైపైన చుట్టేస్తారు. పైగా ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్‌లో నానోటెక్నాలజీకి విడిగా పేపరే లేదు. ప్రభుత్వ సంస్థల ప్రకటనల్లో అర్హత దగ్గర ఎక్కువగా ఫిజిక్స్, ఈసీఈ, మెకానికల్ లాంటి పేర్లే ఉంటాయి. నాలుగేళ్లు చదివాక "మా బ్రాంచి దేని కిందికి వస్తుంది సార్?" అని అడిగే పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

మీ అమ్మాయి దేని మీద మనసు పడిందో మీకూ కొంత తెలియాలి, లేకపోతే బంధువులకు జవాబు చెప్పలేరు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. మామూలు మైక్రోస్కోపుతో ఈ తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడివిడిగా చూడలేమని 1873లో ఎర్నెస్ట్ అబ్బే అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చాడు. వల కళ్లు పెద్దవైతే చిన్న చేప జారిపోతుంది కదా, అలాగన్నమాట. అంటే 200 నానోమీటర్ల దగ్గర ఒక హద్దు. ఆ హద్దు దగ్గరా, దాని కిందా కాంతిని ఎలా పట్టుకోవాలి, ఎలా మలచాలి అన్నదే ఈ శాస్త్రం. మెరిసే అణువుల్ని వంతులవారీగా వెలిగించి, ఆర్పి, ఆ హద్దును దాటే దారులు చూపినందుకు బెట్‌జిగ్, హెల్, మోర్నర్‌లకు 2014లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అమ్మాయి చదివింది 2023 నాటి కెమిస్ట్రీ నోబెల్ గురించి: బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు వచ్చింది. క్వాంటమ్ డాట్లంటే కొన్ని నానోమీటర్ల సైజు రేణువులు. వాటి విచిత్రమేమిటంటే పదార్థం ఒకటే, సైజు మారితే రంగు మారుతుంది. చిన్న రేణువు నీలం వైపు, పెద్దది ఎరుపు వైపు వెలుగుతుంది. ఖరీదైన టీవీల్లో ఇప్పటికే వాడుతున్నారు.

మన వైపు సంబంధం కూడా ఉంది. అణువును తాకి చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందని 1928లో రామన్ కనిపెట్టాడు, కానీ ఆ సంకేతం చాలా బలహీనం. అణువును గరుకైన వెండి మీదో, బంగారు నానోరేణువుల పక్కనో ఉంచితే అది ఎన్నో లక్షల రెట్లు పెరుగుతుందని 1970లలో తెలిసింది. ఆ పద్ధతితో పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే పరిశోధన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జరిగింది. రామన్ చిన్నప్పుడు స్కూల్లో చదివింది విశాఖపట్నంలో, ఈ మాట అత్తగారికి కూడా చెప్పండి.

ఇక అసలు విషయం. ఆమెది నిజమైన ఇష్టమా, వీడియోలు చూసి పుట్టిన మోజా? ఇది తేలకుండా సలహా ఇవ్వడం నాకిష్టం ఉండదు. వంద రూపాయల పరీక్ష ఒకటుంది. ఎర్ర లేజర్ పాయింటర్, పాత సీడీ తెప్పించండి. గోడకు ఎదురుగా ఒక మీటరు దూరంలో సీడీని నిలబెట్టి, గోడ దగ్గర నుంచి లేజర్‌ను నేరుగా దాని మీద వేయమనండి. వెలుగు ఎవరి కళ్లలోనూ పడకూడదు. గోడ మీద మధ్య చుక్కకు అటూ ఇటూ, సుమారు 44 సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పడతాయి. ఆ దూరాన్ని బట్టి సీడీ మీది గాడుల మధ్య ఎడం ఎంతో ఆమె లెక్క కట్టాలి. దాదాపు 1600 నానోమీటర్లు రావాలి. దీనికి కావాల్సిన లెక్కకు మూలం రెండో సంవత్సరం ఫిజిక్స్‌లోని తరంగ దృశాశాస్త్రం పాఠంలోనే ఉంది. ఆ తర్వాత డీవీడీతో చేయమనండి. దాని గాడులు 740 నానోమీటర్లే, చుక్క ఎక్కడికో పోతుంది. సరైన జవాబు రావడం కన్నా, రాకపోతే ఏం చేస్తుందో చూడండి. విసుక్కుని పక్కన పడేస్తే సీఎస్ఈయో ఈసీఈయో హాయిగా చేర్పించండి. భోజనానికి పిలిచినా రాకుండా కోణాలు కొలుస్తూ కూర్చుంటే మాత్రం కింద రాసింది జాగ్రత్తగా చదవండి. పరిశోధనలో రోజులన్నీ ఇలాగే గడుస్తాయి: చీకటి గదిలో అద్దాలు సరిచేసుకోవడం, దుమ్ము చొరబడని, పసుపు లైట్ల క్లీన్‌రూమ్‌లో గంటలకొద్దీ నిలబడి చేసిన నమూనా పాడైతే మళ్లీ మొదలుపెట్టడం.

ఇష్టం నిజమని తేలితే నా మొదటి ఓటు కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కి. తిరుపతిలోనే ఒకటుంది. ప్రవేశం ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ద్వారా. ఎంపీసీ పిల్లలకు ఇక్కడే ఒక దెబ్బ తగులుతుంది: 60 ప్రశ్నల్లో 15 బయాలజీ. ఇప్పటి నుంచే రోజూ అరగంట పదో తరగతి బయాలజీ తిరగేసినా కొన్ని మార్కులు దక్కుతాయి. మిగతా మూడు సబ్జెక్టులు గట్టిగా ఉంటే గండం గడుస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల ఎమ్మెస్సీకి సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. డిగ్రీ మీద ఫోటానిక్స్ అనే పేరే కావాలని పట్టుబడితే, ఆ పేరుకు తగ్గ చదువు కొచ్చిన్‌లోని కుసాట్ యూనివర్సిటీలో ఉంది, ఐదేళ్ల ఎమ్మెస్సీ ఫోటానిక్స్. జేఈఈలో మంచి ర్యాంకు వస్తే ఐఐటీల్లో ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఉండనే ఉంది, హైదరాబాద్ ఐఐటీలోనూ.

ఇంటి పరిస్థితి వల్ల 22 ఏళ్లకే జీతం తప్పదంటే మంచి కాలేజీలో ఈసీఈ చదివించండి. దాన్ని రెండో దారి అని చిన్నచూపు చూడకండి. ఈసీఈ చేసి, గేట్ రాసి, ఎంటెక్‌లో ఫోటానిక్స్‌కు వచ్చేవాళ్లున్నారు. చిప్పుల మీద కాంతిని నడిపించే సిలికాన్ ఫోటానిక్స్‌కు ఐఐటీ మద్రాస్‌లో ప్రత్యేక కేంద్రమే ఉంది. సీఎస్ఈ అయినా తలుపులు మూసుకుపోవు, కాంతి ప్రవర్తనను కంప్యూటర్‌లో లెక్కించే పని ఇక్కడ చాలా ఉంటుంది. ఎంఐటీలో పుట్టిన మీప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పైథాన్‌తో ఇంట్లోనే నడపొచ్చు. కానీ ఫిజిక్స్ అంటే ప్రాణమన్న పిల్లను సీఎస్ఈలో కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

డబ్బు గురించి దాపరికం వద్దు. ఐదేళ్ల చదువు తర్వాత పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, హాస్టల్ లేకపోతే ఇంటద్దె భత్యం అదనం. అంటే ఆ ఏళ్లలో మీరు పంపక్కర్లేదు, అలాగని ఆమె నుంచి మీరు ఆశించడానికీ లేదు. ఇంటర్ బోర్డులో పై ఒక శాతంలో ఉండి సైన్స్ డిగ్రీలో చేరేవారికి ఏడాదికి 80 వేల ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. ఆ ఏడాది ప్రకటన చూసుకుని దరఖాస్తు పెట్టండి. సీఎస్ఈలో చేరిన పెదనాన్న కొడుకు ఈలోగా ఇల్లు కొనొచ్చు. ఆ పోలిక మీ ఇంట్లో వస్తుంది, ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. పెళ్లి సంగతంటారా, పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి చేసుకుని పూర్తి చేసినవాళ్లు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు. అత్తగారి టెన్షన్ నాకు అర్థమైంది కానీ, దానికోసం కోర్సు మార్చకండి.

ఉద్యోగాలుంటాయా అన్నారు. నానోఫోటానిక్స్ అని టైప్ చేసి వెతికితే నిరాశే. ఈ చదువుకు పిలుపు ఆప్టికల్ ఇంజినీర్, ప్రాసెస్ ఇంజినీర్, మెట్రాలజీ (కొలతల) ఇంజినీర్ అనే పేర్లతో వస్తుంది. ఇప్పుడు వస్తున్న అత్యాధునిక చిప్పుల్ని 13.5 నానోమీటర్ల కాంతితో ముద్రిస్తారు. ఆ కాంతిని గాజు మింగేస్తుంది, గాలీ మింగేస్తుంది. అందుకే యంత్రం లోపల శూన్యం, లెన్సుల బదులు అద్దాలు. యంత్రాన్ని చేసేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే, అద్దాలు జర్మనీలోని జైస్‌వి. పైన చెప్పిన అబ్బే పనిచేసింది ఆ జైస్‌లోనే. డేటా సెంటర్లలో రాగి తీగల బదులు కాంతితో సమాచారం పంపే పనికి గిరాకీ పెరుగుతోంది. మన దేశంలో కాంతి, లేజర్ల మీద పనిచేసే ప్రభుత్వ ల్యాబ్‌లున్నాయి: డీఆర్‌డీఓకు డెహ్రాడూన్‌లో ఐఆర్‌డీఈ, హైదరాబాద్‌లో చెస్, ఇస్రోకు బెంగళూరులో లియోస్, అణుశక్తి విభాగానికి ఇండోర్‌లో ఆర్ఆర్ క్యాట్. మచిలీపట్నంలోని ప్రభుత్వ సంస్థ బెల్‌లో చీకట్లో చూసే పరికరాలు తయారవుతాయి. అన్నీ కలిపినా సాఫ్ట్‌వేర్ అన్ని కొలువులు ఉండవు. పోటీ పడేవాళ్లూ తక్కువే, కానీ వాళ్లు గట్టివాళ్లు.

విదేశాల గురించి ఇప్పుడు ఆలోచించకండి. ఎమ్మెస్సీ దశలో జర్మనీలోని యెనాలో ఫోటానిక్స్‌కే పెట్టింది పేరైన స్కూల్ ఉంది, చదువు ఇంగ్లిష్‌లోనే. కన్సల్టెన్సీ వాళ్లు ఇంటర్ పిల్లలకే ప్యాకేజీలు చెప్తే వినకండి.

ఈ నెలలో చేయాల్సింది ఇదీ: లేజర్, సీడీ తెప్పించడం, ఐసర్, సీయూఈటీ దరఖాస్తు తేదీలు క్యాలెండర్ మీద రాసుకోవడం. ఈఏపీసెట్ మామూలుగానే రాయించండి, ఈసీఈ దారి తెరిచే ఉంటుంది. ఆ ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, కిందటి మూడేళ్లలో ఆ బ్రాంచి పిల్లలు ఎక్కడెక్కడ చేరారో పేర్లతో సహా రాతపూర్వకంగా పంపమనండి.