కాల్ ఆఫ్ అంటే పిలుపు కాదబ్బయా

ఒంగోలు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మేనేజరు మెయిళ్ళు అర్థంకాక నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఫ్రేజల్ వెర్బ్స్, అదే క్రియకి ఆఫ్, అప్ లాంటి చిన్న తోక తగిలి అర్థం మారిపోయే మాటలు, ఐదువందలున్న లిస్టు దగ్గర పెట్టుకుని రోజుకి ఇరవై బట్టీ పడుతున్నావట. అది పక్కన పడేయ్. నేనూ ఒకప్పుడు పట్టాను. వారం తిరిగేసరికి గెట్ ఆన్, గెట్ ఓవర్, గెట్ అవే అన్నీ కలగాపులగం అయిపోయాయి.

నా సంగతి నీకు తెలియదు. చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే ఒకాయన దగ్గర గుమాస్తాగా చేరిన కొత్త. గెలాక్సీ రాయి చూసుకోవడానికి విదేశీ బయ్యరు సోమవారం రావాలి. శుక్రవారం ఫ్యాక్స్ వచ్చింది, ఇన్‌స్పెక్షన్ 'కాల్ ఆఫ్' చేస్తున్నామని. కాల్ అంటే పిలవడమేగా అనుకున్నాను, ఆఫ్‌ని లెక్కే చేయలేదు. తెల్లవారుజామునే కారు మాట్లాడుకుని మద్రాసు పోయి, అట్టముక్క మీద ఆయన పేరు రాసి పట్టుకుని ఎయిర్‌పోర్టు బయట చీకటిపడేదాకా నిలబడ్డాను. ఆయన రాక రద్దు చేసుకుని మూడు రోజులైంది! ఓనరు ఒక్క మాట అనలేదు గానీ కారు బాడుగ నా జీతంలో కోసేశాడు.

సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. పరాయివాళ్ళకి ఇంగ్లీషులో అన్నిటికంటే కష్టం ఈ తోకల దగ్గరేనని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు ముందుమాటలో రాశాడు.

అయినా మనకిది మరీ కొత్త విద్యా? 'కొట్టు' సంగతే చూడు. బస్సులో పర్సు కొట్టేశారంటే ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోర్టులో కేసు కొట్టేశారంటే జడ్జిగారు చెయ్యి చేసుకోలేదు. వానకి చెరువుకట్ట కొట్టుకుపోతుంది, మన మాటని ఎదుటివాడు కొట్టిపారేస్తాడు. ఇవి నీకెవరూ లిస్టు ఇచ్చి నేర్పలేదు. ఎవరు అన్నారో, దేన్ని గురించి అన్నారో చూసి పట్టేశావు. అక్కడా అంతే. ఈట్ అప్ అంటే తినేయడం, యూజ్ అప్ అంటే వాడేయడం. చాలాచోట్ల వాళ్ళ 'అప్' మన 'ఏయ్' లాంటిదే. అన్నిచోట్లా కాదు సుమా, బ్రింగ్ అప్ అంటే బిడ్డని పెంచడం, మీటింగులో అయితే ఓ విషయం ఎత్తడం.

కాబట్టి మెయిల్ చదివేటప్పుడు ముందున్న క్రియ మీద కాదు, దాని వెనక తోకమీద వేలు పెట్టు. పుట్ ఆఫ్ వాయిదా వేయడం, పుట్ అవుట్ మంట ఆర్పడం, పుట్ అప్ విత్ భరించడం. పుట్ ఒక్కటే, పనులు మూడు. కొత్తది తగిలితే ఆ వాక్యం మొత్తం నోటుబుక్కులో ఎక్కించు, పక్కన మన ఇంట్లో ఆ మాట ఎలా అంటారో రాసుకో. రోజుకి ఒకటి చాలు.

రాసేటప్పుడు ఒక చిక్కుంది. టర్న్ డౌన్ అంటే వద్దనడం. టర్న్ డౌన్ ది ఆఫర్ అనొచ్చు, టర్న్ ది ఆఫర్ డౌన్ అనీ అనొచ్చు. 'ఇట్' వాడితే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి, టర్న్ ఇట్ డౌన్. లుక్ ఆఫ్టర్‌ని, అంటే బాగోగులు చూసుకోవడాన్ని, మాత్రం అలా విడదీయకూడదు.

కష్టాన్ని నెట్టుకురావడానికి 'కోప్ అప్ విత్' అని మనవాళ్ళందరూ రాస్తారు, ఆ అప్ పీకేయ్. ఇంకోటి, 2023లో పాసౌట్ అయ్యానని అమెరికా క్లయింటుతో అనకు. కళ్ళు తిరిగి పడిపోయావనుకుని అయ్యో పాపం అంటాడు. గ్రాడ్యుయేట్ అయ్యానను.

మీ మేనేజరు ఆ బిల్లుని 'లుక్ ఇంటు' చేయమన్నాడని మీ నాన్న చెప్పాడు. నువ్వు తెరిచి చూసి ఊరుకున్నావట. అసలు తేడా ఎక్కడొచ్చిందో ఆరా తీయమని దానర్థం అబ్బయా. ఈ ఉత్తరం మడిచిపెట్టి ముందు ఆ పని చూడు.

మీ పెదనాన్న