అరవై సున్నాల లెక్క

బిడ్డా,

నువ్వు పంపిన షీటు రెండుసార్లు చదివిన. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ దుకాణాల్లో 60 పందుల మాంసం మీద స్వాబులు (తుడిచి తీసే నమూనాలు) తీస్తే ఒక్కదాంట్లనూ జబ్బు తెచ్చే సాల్మొనెల్లా సూక్ష్మజీవి దొరకలే. "కాలుష్యం 0 శాతం" అని రాసి, ఇగ ఈ అంకెలకు గణాంక మోడల్ ఏం కట్టాలె పెద్దనాయనా అని అడిగినవు. ముందు ఆ సున్నా సంగతి తేల్చుకో.

60లో ఒక్కటీ దొరకకపోతే, కాలుష్యానికి 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే పైహద్దు, ఒక మోటు సూత్రం ప్రకారం, 3ని 60తో భాగిస్తే వస్తది. అంటే 5 శాతం దాకా ఉండొచ్చు. అదైనా 60 పందులు దేనికది వేరైతేనే. నీవి ఆరు మందలవి, మందకు పది. ఒక్క దొడ్లె పెరిగి, అదే మిల్లు తవుడు, అదే హోటల్ ఎంగిలి తిని, ఒక్క ట్రాలీల పెంట పూసుకుంటూ వచ్చినయి. మంద లోపలి పోలిక, అంటే ఒక్క మందల పందులు ఒకదానికొకటి ఎంత పోలి ఉంటయన్నది (0 అంటే అస్సలు లేదు, 1 అంటే అన్నీ ఒక్కటే), 0.2 అనుకో (ఉత్తగ అనుకున్నదే, మనం కొలిచింది కాదు). మందల ఒకటి పోను మిగిలిన తొమ్మిదిని 0.2తో గుణించి ఒకటి కలిపితే 2.8. 60ని దాంతో భాగిస్తే నీ చేతిల మిగిలేది 21 పందుల సమాచారమే. హద్దు 14 శాతానికి పోయింది. నీ పరీక్ష పదింట ఏడే పట్టుకుంటదనుకుంటే 20కి పోతది. మోటు లెక్కనే, కానీ ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చినమో చూడు.

ఐరోపా నిబంధన కూడా 50 కళేబరాలను ఒక్కనాడే తుడవమనదు, ఐదేసి చొప్పున పది విడతల్లో తుడవమంటది. నువ్వు కూడా మందకు పది మానేసి, మూడు చాలు, మందలు పెంచు. మోడల్‌ల మందను రాండమ్ ఎఫెక్టుగ పెట్టు, అంటే మంద మందకూ తేడా ఉంటదని మోడల్‌కు చెప్పు. పరీక్ష సున్నితత్వానికి (ఉన్నదాన్ని ఎంతమేర పట్టుకుంటదన్నదానికి) ప్రయర్, అంటే ముందున్న అంచనా, ఇచ్చి, ఆ అంచనానూ కొత్త అంకెలనూ కలిపి లెక్కగట్టే బేసియన్ పద్ధతిల కట్టు. పరీక్ష తప్పులను సరిచేసి అసలు శాతం చెప్పే రోగన్-గ్లాడెన్ సూత్రం నీకీడ పనికిరాదు. పాజిటివ్‌లు సున్నా అయితే అది సున్నానో మైనస్ అంకెనో చేతిల పెడతది.

నా సంగతొకటి చెప్త. కొలువుల చేరిన కొత్తల ఒక చలికాలం, మా ల్యాబుల మూడు వారాలు వరుసగ సున్నాలు. శుభ్రత పెరిగిందని రిపోర్టు కూడ రాసినం. రాత్రిళ్లు కరెంటు పోయి, సూక్ష్మజీవులను వెచ్చగ పెంచే ఇంక్యుబేటర్ పెట్టె చల్లబడుతుందని తర్వాత బయటపడ్డది. సూక్ష్మజీవి ఉందని ముందే తెలిసిన నమూనా ఒకటి ప్రతి విడతల పెట్టి ఉంటే మొదటి రోజే దొరికిపోయేది. నువ్వు పెట్టు. ఐస్ పెట్టె లేకుండ మిట్టమధ్యాహ్నం బస్సుల తెచ్చిన స్వాబుకు ఇంకో తిప్పలు: పేగుల్ల ఉండే ఈ.కోలై అనే సూక్ష్మజీవి లెక్క దారిలనే పెరుగుతది. ఆ అంకె దుకాణానిది కాదు, బస్సుది. స్వాబు తీసిన టైమూ, ల్యాబుకు చేరిన టైమూ రెండూ రాసుకో.

ఈ.కోలై అంకెలకు సగటు తీసేటప్పుడు జాగ్రత్త. అవి లాగ్‌ల (10ని ఎన్నిసార్లు గుణిస్తే ఆ అంకె వస్తదో ఆ లెక్కల, 100కు 2) మంచిగ కూర్చుంటయి, నిజమే. కానీ లాగ్ సగటు 2, విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నయన్నది) 1 ఉంటే, వెనక్కి తిప్పి 100 అని రాయకు. అసలు సగటు 1,400 దాటుతది. జనానికి జబ్బు తెచ్చేది ఆ కొసన ఉన్న నాలుగు ముక్కలే, లాగ్ వాటిని దాచిపెడతది. గుర్తింపు హద్దు (పరీక్ష పట్టుకోగలిగే అతి తక్కువ అంకె) కింద ఉన్నవాటికి సగం హద్దు వేసుడు కూడ మానుకో. "ఇంతకంటె తక్కువ" అన్న సమాచారాన్నే, అట్లాంటి హద్దులను ఉన్నదున్నట్టు తీసుకునే సెన్సార్డ్ మోడల్‌కు ఇయ్యి.

ఇంకోటి. నీ షీటుల "దుకాణం" అన్న కాలమ్ ఉన్నది గని, ఏ దశల తుడిచినవో లేదు. బొచ్చు కాల్చినంక తోలు మీది సూక్ష్మజీవులు బాగ తగ్గుతయి. కడుపు కోసి పేగులు తీసేటప్పుడు కత్తి జారితే మళ్ల మొదటికే. కాల్చినంక తుడిచినవా, పేగులు తీసినంకనా? రెండు దశలూ విడివిడిగ కావాలె. ఎన్నో పంది, ఏ కత్తి, మధ్యల కత్తిని వేడినీళ్లల్ల ముంచినరా లేదా అన్నది కూడ. ఒక పేగు తెగితే ఆ తర్వాతి మూడు నాలుగు పందుల మీదికీ పాకుతది, ఆ వరుస లేకుంటే మోడల్‌కు అది కనపడదు.

ఆదివారం రా. మనూళ్లె దుకాణం తెల్లారి ఐదింటికే మొదలైతది, వాళ్లతోని మాట్లాడిపెట్టిన. గంబూట్లు నీవి నువ్వు తెచ్చుకో, మీ పెద్దమ్మవి నీకు చాలవు.

మీ పెద్దనాయన