టాటూ షాపుకి లైసెన్సు ఉంటే సేఫేనా?

హైదరాబాద్‌లో టాటూ వేయించుకోవాలి, లైసెన్సున్న షాపు అయితే భయం లేదు కదా అని అడిగారు. గోడకి ఫ్రేము కట్టి పెట్టే ఆ కాగితం చాలాచోట్ల మునిసిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సే అండి, చెప్పుల షాపుకీ అదే ఇస్తారు. టాటూకంటూ దేశమంతటికీ విడిగా ఒక చట్టమే లేదు. అందుకే గోడ చూడకండి, వేసేవాడి చేతులు చూడండి.

నేను స్టాఫ్ నర్సుని. మా పిన్ని కొడుకు చేతి మీద వాళ్ళమ్మ పేరు వేయించుకుంటానంటే వెంట వెళ్ళా. ఏసీ, లైట్లు, షాపు భలే ఉంది. కుర్రాడు సూది ప్యాకెట్ మా ముందే చింపాడు, కొత్త గ్లౌజులు తొడుక్కున్నాడు, మా వాడు చూశావా అక్కా అన్నట్టు నా వైపు చూశాడు. తీరా చూస్తే ముందు కస్టమర్‌కి వాడిన ఇంకు మూత (ఇంకు పోసుకునే చిన్న కప్పు) ఇంకా ట్రేలోనే ఉంది, అడుగున మిగిలిన నల్ల ఇంకులోనే సూది ముంచబోయాడు! ఆగు బాబూ అన్నా. "సూది కొత్తదే కదా మేడమ్" అంటాడు. సూది కొత్తదైతే ఏంటి, ఇందాకటి మనిషి ఒంట్లో గుచ్చిన సూది అదే మూతలో ఎన్నిసార్లు మునిగిందో, రక్తం ద్వారా అంటుకుని కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికుంటుంది. వాడిన సూదులు ఎక్కడ పడేస్తావంటే మామూలు చెత్తబుట్ట చూపించాడు, నాకు ఒళ్ళు మండిపోయింది. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం మా వార్డులో ప్రతి సూదీ బయటికి పొడుచుకురాని గట్టి తెల్ల డబ్బాలోనే పడాలి, మరి ఇక్కడ పొద్దున్నే చెత్త ఎత్తే ఆవిడ చేతికి గుచ్చుకుంటే ఎవరు జవాబు చెప్తారు? మా వాణ్ణి లేపి తీసుకొచ్చేశా.

జాతరల్లో ఒకే మెషీన్‌తో వరసపెట్టి వేసేస్తుంటారు, అదైతే ఇంకా ఘోరం, ఆపేవాళ్ళే ఉండరు.

ఇంకు సంగతి ఇంకోటి. యూరప్‌లో 2022 జనవరి నుంచి టాటూ ఇంకుల్లో వేల కెమికల్స్‌కి హద్దు పెట్టారు. మన దగ్గర 2025లో కర్ణాటక ఆరోగ్య మంత్రి దినేశ్ గుండూరావు ఇంకుల్లో 22 రకాల లోహాలు దొరికాయని చెప్పి, కేంద్రం రూల్స్ తేవాలని అడిగారు. మన రెండు రాష్ట్రాలూ గట్టిగా అడగాలి.

మీరైతే ముందు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తి చేసుకోండి. ఇంకు మీ ముందే కొత్త మూతలో పోయించుకోండి, మధ్యలో ఫోన్ పట్టుకుంటే గ్లౌజులు మార్చమనండి, మొహమాటపడొద్దు. రక్తదానం చేసే అలవాటుంటే టాటూ తర్వాత 12 నెలలు బ్లడ్ బ్యాంకులో తీసుకోరు, అదీ చూసుకుని వెళ్ళండి.