మొటిమల జెల్ రాస్తుంటే ముఖమంతా పొట్టు లేస్తోంది, ఆపేయాలా?

ఆపకు చెల్లె. రాసే పద్ధతి మార్చు.

నువ్వు అడిగింది ఇదీ: డాక్టర్ రాత్రికి అడాపలీన్ 0.1 శాతం జెల్, పొద్దునకు బెంజాయిల్ పెరాక్సైడ్ రాశారు. మూడు వారాలైంది. ముక్కు పక్కల, మూతి చుట్టూ పొట్టు లేస్తోంది, సబ్బు పెడితే చురచురమంటోంది, ఇంట్లోవాళ్ళేమో "ఆ మందు నీకు పడలేదు, బంద్ చెయ్యి" అంటున్నారు. నాదీ నల్లగొండే. ఇదే జెల్ చాలాకాలం వాడాను, తర్వాత మొటిమలు గడ్డల్లా మారితే ఐసోట్రెటినాయిన్ గోళీలు కూడా మింగాను. నేను డాక్టర్‌ని కాదు కాబట్టి మందు మార్చమని చెప్పను. ఈ పొడిబారడం సంగతి మాత్రం బాగా తెలుసు.

అడాపలీన్ విటమిన్ ఎ జాతికి చెందిన మందు. చర్మం పైన పాత కణాలు పేరుకుపోయి రంధ్రాలు మూసుకోకుండా, అవి తొందరగా రాలిపోయేట్టు చేస్తుంది. అలవాటయ్యేదాకా పై పొర బలహీనపడి, లోపలి తడి నిలవకుండా బయటికి పోతుంది. పొట్టు, మంట, ఎర్రదనం అన్నీ అందుకే. చాలామందికి ఇది మొదటి నెలలోనే ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. మొటిమలు తగ్గినట్టు కనిపించాలంటే మాత్రం 8 నుంచి 12 వారాలు పడుతుంది. అంటే మూడో వారంలో ఆపేస్తే మంట అంతా పడి, లాభం చూడకుండా బయటికొచ్చినట్టు.

ఎంత రాస్తున్నావో నువ్వు చెప్పలేదు. నాకు అనుమానం అక్కడే. ముఖం మొత్తానికి బఠాణీ గింజంత జెల్ చాలు. నుదురు, రెండు చెంపలు, గదవ మీద చుక్కలు పెట్టి పల్చగా పరచాలి. మొటిమ ఉన్నచోట మాత్రమే దిట్టంగా పూయడం చాలామంది చేసేదే. అది పుండుకు రాసే మలాం కాదు, కొత్త మొటిమ పుట్టకుండా ముఖమంతటికీ రాసేది. కంటి రెప్పలు, ముక్కు మూలలు, పెదాల అంచులు వదిలెయ్. నేను జెల్ కంటే ముందే ఆ మూలల్లో కొంచెం వాజలీన్ అద్దేదాన్ని. జెల్ జారి అక్కడికి చేరినా చర్మానికి తగలదు. మూతి మూలలు పగిలితే ఎట్లుంటుందో తెలుసు కదా, మిరపకాయ బజ్జీ చూసినా భయమేస్తుంది.

ఇక రాత్రి వరస. ముఖం కడిగి, తువ్వాలతో రుద్దకుండా అద్ది, పూర్తిగా ఆరనివ్వు. తడి ముఖం మీద ఈ జెల్ రాస్తే మంట ఎక్కువ. ఆరాక పల్చగా మాయిశ్చరైజర్, కాసేపు ఆగి జెల్, మళ్ళీ కాసేపాగి ఇంకోసారి మాయిశ్చరైజర్. మధ్యలో జెల్, కిందా మీదా క్రీమ్ అన్నమాట. ఇట్లా రాస్తే మందు కొంచెం మెల్లగా పనిచేస్తుందేమో గానీ, రోజూ రాయగలుగుతావు. పొట్టు మరీ ఎక్కువగా ఉన్న ఈ రోజుల్లో రాత్రి విడిచి రాత్రి రాయొచ్చా, లేక వారానికి రెండుసార్లతో మళ్ళీ మొదలుపెట్టొచ్చా అని మీ డాక్టర్‌కి ఒక్క ఫోన్ చెయ్. నాకు మా డాక్టర్ చెప్పింది అదే: మూడు రోజులకోసారి, ముఖం ఓర్చుకుంటే రోజు విడిచి రోజు, ఆ తర్వాత రోజూ. పొద్దున రాసే బెంజాయిల్ పెరాక్సైడ్‌ను కొన్నాళ్ళు పక్కన పెట్టాలా అని కూడా అడుగు. అది కూడా చర్మాన్ని ఎండబెట్టేదే. నీ ట్యూబు మీద ఎంత శాతమో చూడు. 2.5 శాతం ఉన్నది, 5, 10 శాతం వాటికి దాదాపు సమానంగా పనిచేస్తూ తక్కువ మంట పెడుతుంది.

ఆ బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది, ఎవరూ చెప్పరు. మా ఇంట్లో మెరూన్ రంగు దిండు గలీబుల మీద నారింజ రంగు మచ్చలు పడితే, మా అమ్మ బట్టల సోడాను తిట్టుకుంది. తెల్ల తువ్వాల, తెల్ల గలీబు పెట్టుకో. మంచి చున్నీ వేసుకునే ముందు మెడ మీద జెల్ ఆరిందో లేదో చూసుకో.

మాయిశ్చరైజర్ అంటే ఖరీదైనదే కొనాలని లేదు. డబ్బా వెనక చదువు: గ్లిజరిన్, సెరమైడ్, పెట్రోలాటం, లిక్విడ్ పారఫిన్ లాంటి పేర్లు ఉంటే మంచిదే. సువాసన లేనిది, రంధ్రాలు మూయదని అర్థం వచ్చే "నాన్ కొమెడోజెనిక్" అని రాసి ఉన్నది తీసుకో. విటమిన్ సి, సాలిసిలిక్ యాసిడ్, "గ్లో" అని రాసినవన్నీ ఇప్పుడు వద్దు. కొబ్బరి నూనె ముఖానికి రాయకు, మొటిమలున్న చర్మంలో రంధ్రాలు మూస్తుంది. కాళ్ళకూ చేతులకూ ఎంతైనా రాసుకో.

నీళ్ళ గురించి కూడా చెప్పాలి. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. ఫ్లోరైడ్ దెబ్బ పళ్ళకు, ఎముకలకు. ముఖాన్ని బిగబట్టేది బోరు నీళ్ళలోని ఉప్పు, సున్నం. మీ ఇంట్లో బకెట్ అంచున తెల్లగా చార కడుతుందా? ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, కడిగినా పూర్తిగా పోదు, చర్మం మీద పొరలా మిగిలి మంట పెడుతుంది. నేను ఒళ్ళంతా బోరు నీళ్ళతోనే పోసుకునేదాన్ని గానీ ముఖానికి మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్ళు ఒక చెంబులో పక్కన పెట్టుకునేదాన్ని. మరీ వేడి నీళ్ళు వద్దు, చలికాలం పొద్దున గోరువెచ్చనివి చాలు. ఒంటి సబ్బు ముఖానికి వద్దే వద్దు, అది క్షారం. నురగ తక్కువొచ్చే మెత్తటి ఫేస్‌వాష్ రోజుకి రెండుసార్లకు మించి పెట్టకు. మధ్యాహ్నం చెమట పడితే ఉత్త నీళ్ళతో కడిగెయ్. కడిగి అద్దుకున్న వెంటనే, ముఖం ఇంకా కొంచెం తేమగా ఉన్నప్పుడే మాయిశ్చరైజర్ రాయాలి. జెల్ రాయని పూట సంగతి ఇది, రెంటినీ కలుపుకోకు.

ఎండల్లో ఈ మందు వాడేవాళ్ళకు తొందరగా కమిలిపోతుంది. మన దగ్గర ఏప్రిల్, మేలో వడగాలికి మామూలు ముఖాలే పిడచకడతాయి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ పొద్దున మాయిశ్చరైజర్ మీద రాయి. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు ముఖానికి కట్టే స్కార్ఫ్ మంచిదే, కాకపోతే మెత్తటి కాటన్‌ది, రోజూ ఉతికినది కట్టుకో. నైలాన్ గుడ్డ పొట్టు లేచిన చెంపల మీద గీరుకుంటుంది. కూలర్ గాలి నేరుగా ముఖానికి కొట్టేలా పడుకోకు.

ఇంటికొచ్చినవాళ్ళ సలహాల సంగతి నాకు తెలుసు. మా పెద్దమ్మ ఓసారి శనగపిండి, పసుపు, నిమ్మరసం కలిపి గిన్నెతో సహా మంచం దగ్గరికి తెచ్చింది. ప్రేమే, కాదనలేం. గిన్నె తీసుకుని మోచేతులకు రుద్దుకున్నాను. ముఖానికి నలుగు, సున్నిపిండి, ముల్తానీ మట్టి, స్క్రబ్, ఆవిరి, పార్లర్లో బ్లీచ్ ఏవీ ఈ మందుతో కలవవు. లేచిన పొట్టును గోళ్ళతో పీకకు, మచ్చ పడుతుంది. పై పెదవి వెంట్రుకలకు వ్యాక్స్ అసలొద్దు, చర్మం ఊడొస్తుంది.

వీటన్నింటికంటే భయపడాల్సింది మెడికల్ షాపులో "ఇది రాయమ్మా, రెండు రోజుల్లో తెల్లగా నున్నగా అవుతుంది" అని ఇచ్చే చిన్న ట్యూబు. బెటామెథాసోన్, క్లోబెటాసాల్, మోమెటాసోన్ అని పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. ఎర్రదనం నిజంగానే వెంటనే తగ్గుతుంది, అందుకే జనం మోసపోతారు. వాడుతూ పోతే చర్మం పల్చబడి, సన్న నరాలు తేలి, ఆపిన రోజు ముందుకంటే ఎక్కువ మొటిమలతో భగ్గుమంటుంది. డాక్టర్ స్వయంగా కొన్నాళ్ళకని రాసిస్తే వేరే మాట.

నువ్వు అడగలేదు గానీ, రేపు డాక్టర్ గోళీల దాకా తీసుకెళ్తే ఇదీ తెలిసి ఉండాలి. ఐసోట్రెటినాయిన్ చర్మంలో నూనె గ్రంథులనే కుదించేస్తుంది, కాబట్టి పొడితనం ముఖంతో ఆగదు. పెదాలు దాదాపు అందరికీ పగుల్తాయి, కళ్ళు ఎండొచ్చు, ముక్కులో రక్తం చార కనిపించొచ్చు. నేను పెదాలకు వాజలీన్ పొద్దున, బడికి బయల్దేరేటప్పుడు, తిన్నాక, పడుకునే ముందు రాసేదాన్ని. ముక్కు లోపల అంచుకు కూడా వేలితో కొంచెం. సువాసన, రంగు ఉన్న లిప్ బామ్ ఆ పగుళ్ళ మీద ఇంకా మండుతుంది. గోళీ ఖాళీ కడుపున మింగితే సరిగ్గా ఒంటబట్టదు, నెయ్యో గుడ్డో ఉన్న అన్నంతో మింగాలి. దానితోపాటు విటమిన్ ఎ గోళీలు వేసుకోకూడదు. కాలేయం, కొవ్వు పరీక్షలు చేయిస్తారు, ఎగ్గొట్టకు. అన్నింటికంటే ముఖ్యం, గోళీ వాడుతున్నన్నాళ్ళూ, ఆపాక ఇంకో నెల దాకా గర్భం రాకూడదు, బిడ్డకు తీవ్రమైన లోపాలొస్తాయి. రక్తదానం చేయకూడదన్నదీ అందుకే. పెళ్ళి కుదిరినా, పెళ్ళయినా సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాలి. నువ్వు వాడే జెల్ కూడా గర్భం అనుకున్నప్పుడు ఆపేయమంటారు.

ఎప్పుడు ఆగకుండా పరిగెత్తాలంటే: కంటి రెప్పలు ఉబ్బినా, చర్మం నుంచి నీరు కారినా, బొబ్బలు లేచినా, మందు రాయని చోట కూడా దద్దుర్లు వచ్చినా అది అలవాటుపడే పొడితనం కాదు, అలర్జీ కావొచ్చు. రెండు మందులూ ఆపి ఆ రోజే చూపించు.

అంత లేకపోతే, వచ్చేసారి వెళ్ళేలోపు ఏ రాత్రి రాశావో, పొద్దున ఎట్లుందో ఫోన్లో రాసిపెట్టుకో. "పొడిగా ఉంది సార్" అని చెప్తే డాక్టర్ తలూపి పంపిస్తారు. చిట్టా చూపిస్తే మాట్లాడతారు. అడాపలీన్ జెల్ కాకుండా క్రీమ్ రూపంలో కూడా దొరుకుతుంది, పొడి చర్మానికి క్రీమే మెత్తగా ఉంటుంది. అది నీకు సరిపోతుందేమో అడుగు.